ముళ్లకంచె ఊళ్లో ఇంగ్లీషు బడి

మలయా వెళ్లివచ్చానంటే మావాళ్లందరూ మొదట రబ్బరు చెట్ల గురించి అడుగుతారు, తరువాత జీతం గురించి అడుగుతారు. అక్కడ ఏం జరుగుతోందని అడిగినవాళ్లు తక్కువ. అడిగినా అది అరుగు మీద నిలబడి చెప్పే సంగతి కాదు. అందుకని ఇలా వ్రాస్తున్నాను. నేను రెండేళ్లు ఉన్న ఊరి పేరు మాత్రం వ్రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. వాళ్లింకా ఆ కంచె లోపలే ఉన్నారు.

నేను ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంట పుట్టినవాణ్ణి. మగ్గం వదిలి చదువులో పడి, కర్నూలులో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు పంతులునయ్యాను. కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్లో ఎక్కడ చూసినా గుడారాలూ, కచేరీలూ. మా బడిలో కూడా కొన్ని గదులు పోయాయి. రేకుల పందిరి కింద, ఎండలో, పిల్లలకు పాసివ్ వాయిస్ చెబుతూండగా, మలయాలో పేరక్ రాష్ట్రంలో గుమాస్తాగా ఉన్న పాత స్నేహితుడి ఉత్తరం వచ్చింది. అడవిలో చేరిన కమ్యూనిస్టులకూ ప్రభుత్వానికీ అక్కడ ఏళ్ల తరబడి పోరు జరుగుతోంది. ఒక పల్లెలో పెద్దలు కలిసి పెట్టుకున్న ఇంగ్లీషు బడికి పంతులు కావాలట. ముందున్న పంతులు భయపడి వెళ్లిపోయాడన్న సంగతి కూడా దాచకుండా వ్రాశాడు.

ఎందుకు వెళ్లానంటే జీతం ఒక కారణం. రెండోది చెబితే నవ్వుతారు. పదకొండేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను గాని, ఇంగ్లీషు తప్ప మరో దారిలేని మనిషితో ఒక్కసారి కూడా మాట్లాడి ఎరగను. కర్నూలులో తెలుగు రాకపోతే ఉర్దూ, అదీ కాకపోతే కన్నడం. ఇంగ్లీషు పరీక్ష కాగితం మీదే బ్రతికేది. ఆ భాష నిజంగా ఇద్దరు మనుషుల మధ్య పని చేస్తుందా అని చూడాలనిపించింది.

కడప ప్లాట్‌ఫారం

భార్యనూ పిల్లలనూ ఆదోనిలో వాళ్ల పుట్టింట దింపి, గుంతకల్లులో మద్రాసు మెయిలు ఎక్కాను. ఎర్రగుంట్ల దాటాక బండరాళ్లు, తుమ్మచెట్లు, ఎండిన వంకలు. కడప స్టేషన్లో మా అక్క నిలబడి ఉంది. చేతిలో జొన్నరొట్టెల మూట, చెనిక్కాయల పొడి, ఒక చిన్న సంచి నిండా రాగిపిండి.

"తుపాకులు పేలే ఊరికి ఇంగ్లీషు చెప్పేదానికి పోతాండావా?" అంది.

ఆడ కూడా పిల్లలు ఉంటారు కదక్కా అన్నాను. పిల్లలుంటారని చెప్పి ఆ ఊరికి పోతారా ఎవరైనా అని ఆమె బాధ. బండి కదిలేటప్పుడు మాత్రం, "ఆడ బువ్వ పడకపోతే సంగటి చేసుకో. యాడికి పోయినా నీళ్లు, నిప్పులు ఉంటాయి కదా," అని సంచి కిటికీలోంచి లోపలికి తోసింది.

డెక్కు మీద

మద్రాసులో ఓడ ఎక్కితే నాగపట్నం మీదుగా పినాంగుకు వారం పట్టింది. నాది డెక్కు టిక్కెట్టు. అంటే గదీ, మంచమూ ఉండవు. ఎవరు ముందు చాప పరిస్తే వారిదే ఆ చోటు. నా చాప పక్క చాప కాయల్‌పట్నం వైపు ముసలి సాయెబుది. పినాంగులో లుంగీల వ్యాపారం. ఆయనకు తెలుగు రాదు, నాకు అరవం అంతంత మాత్రం. ఆ అంతంత మాత్రంతోనే నాకు మలయా మాటలు నేర్పాడు. నాసి అంటే అన్నం, ఆయెర్ అంటే నీళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ దేశంలో ఆ రెండు మాటలు వచ్చినవాడు చావలేదని చెప్పాడు. అన్నమే అక్కడ ఇంత పెద్ద నేరమవుతుందని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మూడో రోజు సముద్రం ఎగసింది. అక్క కట్టిన రొట్టెలు నేను తినలేక సాయెబుకు ఇచ్చాను. ఆయన రొట్టె విరవబోయి, విరగకపోయేసరికి, ఇది తినేదా లేక ఇంటికప్పుకు వేసేదా అని అడిగాడు. చెనిక్కాయల పొడితో రెండు తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

పినాంగు రేవులో సరుకులు సోదా చేసే అధికారికి రాగిపిండి మీద అనుమానం వచ్చింది. ఎర్రగా, మెత్తగా, వాసన లేకుండా ఉన్న ఈ పొడి ఏమిటని అడిగాడు. తిండి అన్నాను. అయితే తిని చూపించమన్నాడు. అందరి ముందూ పచ్చి రాగిపిండి గుప్పెడు నోట్లో వేసుకుని, నీళ్లు లేక, కళ్ల నీళ్లు కారుతుండగా మింగాను. అతడు మర్యాదగా నా సంచి మూతి కట్టి ఇచ్చాడు. మలయాలో నేను చెప్పిన మొదటి ఇంగ్లీషు మాట ఫుడ్.

ముందు పోయే ఖాళీ బండి

పినాంగు నుంచి లాంచీలో ఆవలి ఒడ్డుకు దాటి రైలెక్కాను. కిటికీ అవతల నేను ఎప్పుడూ చూడనంత పచ్చదనం. మా వైపు చెట్టు కనిపిస్తే మనిషికి ప్రాణం లేచి వస్తుంది. ఇక్కడ చెట్లు దట్టమయ్యేకొద్దీ బండిలో జనం మాటలు తగ్గించారు. మా బండికి ముందు మరో చిన్న బండి పోతోందని, పట్టాల కింద మందుపాతర ఉంటే దానికి తగిలిపోతుందని టిక్కెట్లు చూసే తమిళాయన చెప్పాడు. దానిలో ఎవరూ ఉండరా అంటే, "డ్రైవరు ఉంటాడు," అని తరువాతి పెట్టెలోకి వెళ్లిపోయాడు.

ఎదుటి బెంచీ మీద ఒక చీనా ముసలావిడ ఊదారంగు పండొకటి చేతులతో నొక్కి చీల్చి, లోపలి తెల్లని తొనల్లో సగం నాకిచ్చింది. మంగుస్తాను అని దాని పేరట. తియ్యగా, చల్లగా ఉంది. నేను థాంక్యూ అన్నాను. ఆవిడ ఏదో అంది. ఇద్దరం తల ఊపుకున్నాం.

చెంగమ్మ ఇల్లు

బడి గది సిద్ధమయ్యేదాకా వారం రోజులు, ఆ పల్లెకు రెండు మైళ్లలో ఉన్న రబ్బరు తోటలో కంగాణి నరసయ్య ఇంట్లో దిగాను. కంగాణి అంటే కూలీల మేస్త్రీ. నరసయ్యను నాలుగేళ్ల వాడుగా రాయచోటి వైపు నుంచి కరువులో తండ్రి ఓడెక్కించుకుని వచ్చాడట. భార్య చెంగమ్మదీ అదే కథ. వాళ్లు ఆ పల్లెల మాట ఎట్లా తెచ్చుకున్నారో అట్లాగే దాచుకున్నారు. మధ్య మధ్య మలయా మాటలు పడినా, "శానా", "ఈడ", "యాడ" వినగానే నాకు కడప బజారులో నిలబడినట్లయింది.

రాగిపిండి చూసి చెంగమ్మ సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. మా యమ్మ చేతులు ఇట్లే వాసన వస్తాండె, అంది. ఆ పూట సంగటి చేసింది. నీళ్లు ఎన్నో, పిండి ఎంతో ఆమెకు గుర్తు లేదు, వండటం నాకు రాదు. ఉండలు కట్టింది. ముగ్గురం అట్లాగే తిన్నాం.

నాకు పడకకిచ్చిన మంచం వాళ్ల కొడుకుది. పేరు చంద్రయ్య. తోట లారీ నడిపేవాడు. నేను రావడానికి ఎనిమిది నెలల ముందు, దారిలో చెట్టు కొట్టి అడ్డం పడేసి, లారీ ఆగగానే అడవిలోంచి కాల్చి చంపారు. ఇరవై రెండేళ్లు. మంచం తల వైపు అతడి దువ్వెన ఇంకా గూట్లో ఉంది. నేను నా దువ్వెన ట్రంకులోనే పెట్టుకున్నాను.

కంచె లోపల

అడవి అంచుల్లో విడివిడిగా బ్రతికే చీనా రైతులనూ పాల కోసం రబ్బరు చెట్లు గీసేవాళ్లనూ ప్రభుత్వం లారీల్లో తెచ్చి ఒకచోట కుదేసి, చుట్టూ రెండు వరసల ముళ్లకంచె వేస్తే ఆ ఊరు అయింది. తెల్లవారితే గేటు తెరుస్తారు, సాయంత్రం మూస్తారు. పనికి పోయే ప్రతివాళ్లనూ ఒళ్లంతా తడిమి చూస్తారు. అడవిలో ఉన్నవాళ్లకు బియ్యం అందకూడదని. ఇంట్లో బియ్యం ఉంచుకోవడం కూడా నిషేధం. ఊరందరికీ ఒక్కచోట వండి అన్నం ఇస్తారు, ఎండకు అది మధ్యాహ్నానికే పులుస్తుంది.

మా కరువులో గంజి కేంద్రం దగ్గర చిట్టా వ్రాసే పని పంతుళ్లకు వేశారు. నేనూ వ్రాశాను. అక్కడ అంతమందికి ఒక్కొక్క గరిటె ఎలా సరిపెట్టాలా అని మా బాధ. ఇక్కడ ఒక్క మెతుకు కంచె దాటకుండా ఎలా చూడాలా అని వీళ్ల బాధ. బారులు తీరిన జనం మాత్రం రెండు చోట్లా ఒకేలా నిలబడతారు, గిన్నె కడుపుకు ఆనించుకుని.

మొదటి రోజు కాఫీ కోసమని టాన్ అనే ముసలాయన అంగట్లో పాలడబ్బా కొన్నాను. ఆయన దాన్ని నా చేతికివ్వబోతూ మేకు పెట్టి సుత్తితో రెండు బొక్కలు పొడిచాడు. నాణ్యం చూపిస్తున్నాడనుకున్నాను. గదికి చేరేసరికి నా తెల్ల పంచె మోకాళ్ల దాకా పాలతో అట్టకట్టింది, వెనక చీమలు. డబ్బాలు దాచి అడవికి పంపకుండా అమ్మేటప్పుడే పొడిచివ్వాలని చట్టమట. మరునాడు నుంచి గిన్నె తీసుకుని వెళ్లాను. అదే అంగట్లో కాఫీ పది సెంట్లు. మన లెక్కన రెండున్నర అణాలు, కర్నూలుకన్నా ఎక్కువ, రుచికి మాడిన చెనిక్కాయల పొట్టు.

బడి మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే రబ్బరు గీసి వచ్చినవాళ్లు స్నానం చేసి వస్తారు. పదకొండు మంది, అందరూ పెద్దవాళ్లే. అంగడి టాన్ గారికి అరవై దాటాయి. ప్రభుత్వం కాగితాలు తనే చదువుకోవాలని ఆశ. యూసోఫ్ గేటు దగ్గర కాపలా ఉండే మలయా కానిస్టేబుల్. ఇంగ్లీషు వస్తే పై ఉద్యోగం వస్తుంది. ఆ లాన్ అనే ఆమెకు, ఆ అన్నది కూడా పేరులో భాగమే, ముప్పై ఉంటాయి; రబ్బరు గీస్తుంది, తల్లితో ఉంటుంది, మొగుడు లేడు. ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగితే, ఠాణాలో దుబాసీ తను చెప్పినదానికన్నా పొడుగ్గా చెబుతున్నాడని, మిగతాది ఏమిటో తెలుసుకోవాలని టాన్ గారి చేత వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పించింది. అంత మంచి కారణం నా సర్వీసులో ఏ విద్యార్థీ చెప్పలేదు.

నోటు పుస్తకాలు బడి బీరువాలోనే ఉండాలి. పుటలకు నంబర్లు, ప్రతి పుట మీదా ముద్ర. ముప్పై ఏళ్లు కూడా నిండని ఇంగ్లీషు పోలీసు ఆఫీసరొకడు శనివారం వచ్చి చూసేవాడు. మర్యాదస్తుడే. నా ఉచ్చారణ ఒకటి రెండు చోట్ల నెమ్మదిగా సరిదిద్దాడు కూడా.

నిజం వ్రాయమన్నాను

ఏడాదిన్నర దాటింది. వాళ్లు చిన్న చిన్న వాక్యాలు కట్టగలుగుతున్నారు. ఒక గురువారం నల్లబల్ల మీద నా కుటుంబం అని శీర్షిక వ్రాసి, నాలుగు వాక్యాలు వ్రాయండి, పుస్తకంలోవి వద్దు, నిజంవి వ్రాయండి అన్నాను. కర్నూలులో కూడా ఎప్పుడూ అలాగే చెప్పేవాణ్ణి. నిజమైన వాక్యం నోట్లో నిలుస్తుందని నా నమ్మకం.

మిగతావాళ్లు శీర్షిక వ్రాసి ఆలోచిస్తూండగానే గేటు గంట కొట్టారు. ఆ రోజు ఎందుకో ముందే మూసేశారు, మూశాక ఎవరూ వీధిలో ఉండకూడదు. అందరూ పుస్తకాలు బల్ల మీద పెట్టి పరుగెత్తారు. బీరువాలో సర్దుతూ చూశాను. ఆ లాన్ ఒక్కతే నాలుగు వాక్యాలూ పూర్తి చేసింది.

మై బ్రదర్ ఈజ్ ఇన్ ట్రీ. మా అమ్మ కంచె దగ్గర అన్నం పెడుతుంది. ఆ అన్నం కుక్కకు కాదు. మా అమ్మ ఏడుస్తూ ఉంటుంది.

మొదట నాకు తోచింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది, రెండే తప్పులు అని. తరువాత మళ్లీ చదివాను. తల్లి తన వంతు అన్నంలో కొంత మిగిల్చి కంచె దగ్గర పెడుతోంది. తమ్ముడు అడవిలో ఉన్నాడు. ఎల్లుండి శనివారం. పుట చించితే నంబరు పట్టిస్తుంది. సిరా ఒలకబోస్తే ఆ ఒక్క పుస్తకమే ఎందుకని అడుగుతారు. బియ్యం అందించినవాళ్లకు ఏళ్ల తరబడి జైలు. ఆ తల్లి వయసు అరవై.

ఇంకొకటి కూడా ఉంది. ఆ తమ్ముడు తినే అన్నంతోనే చంద్రయ్య లారీ ముందు చెట్టు పడిందేమో. నేను ప్రతి ఆదివారం పాసు తీసుకుని వెళ్లి చెంగమ్మ చేతి అన్నం తింటున్నాను. ఆ సాయంత్రం అటూ ఇటూ తిరిగాను. ఏది న్యాయమో తేల్చుకున్నానని చెప్పను. నిజం వ్రాయమని ఆ మనిషిని అడిగింది నేను. అది ఒక్కటే నాకు స్పష్టంగా తెలిసింది.

ఎర్రసిరాతో ఆ రెండు తప్పులూ దిద్దాను. ట్రీ ముందు ది చేర్చి, చివర ఎస్ చేర్చాను. శుక్రవారం తరగతిలో, నిన్నటి శీర్షిక కిందనే డిక్టేషన్ వ్రాయండి, ఇది ఒక కథ అని చెప్పి మొదటి వాక్యం చదివాను.

"మై బ్రదర్ ఈజ్ ఇన్ ది ట్రీస్."

కలాలు ఆగిపోయాయి. ఆ లాన్ తలెత్తి చూసింది, ముఖంలో రక్తం లేదు. నీది అయిపోయింది కదా, వ్రాయనక్కరలేదన్నాను. అప్పుడు టాన్ గారు కళ్లద్దాలు సర్దుకుని, కలం సిరాబుడ్డిలో ముంచి వ్రాయడం మొదలుపెట్టారు. ఆయన వెనక ఒక్కొక్కరూ. యూసోఫ్ చివరిదాకా కలం పట్టుకుని కూర్చున్నాడు. ఖాకీ చొక్కా, నడుముకు బెల్టు. నాలుగో వాక్యం కూడా చదివాను. అతడు చెయ్యెత్తాడు.

"సర్, ఇన్ ది ట్రీస్ అనాలా, అమాంగ్ ది ట్రీస్ అనాలా?"

రెండూ సరే అన్నాను. అతడు తలూపి, పుస్తకం మీదకు వంగి, నాలుగు వాక్యాలూ గుర్తుపెట్టుకున్నవి వరసగా వ్రాశాడు.

శనివారం ఆఫీసరు మూడు పుస్తకాలు చూశాడు, తరువాత పదకొండూ తిరగేశాడు. ఇది ఏ పుస్తకంలో పాఠమని అడిగాడు. నేను కల్పించిందేనన్నాను. ఇకమీదట పుస్తకంలో ఉన్నదే చెప్పమని వెళ్లిపోయాడు. నెల తిరగకుండా నా పర్మిట్టు పొడిగించడం లేదని ఒక వాక్యపు ఉత్తరం వచ్చింది.

పోలీసు ఠాణా ముందు

తరగతిలో అందరూ చదివిన పాఠం కనుక ఊరంతా చదివినట్లే. కంచె దగ్గర అన్నం పెట్టడం ఆ రోజుతో ఆగిపోయింది. మూడు వారాల తరువాత లారీలో రెండు శవాలు తెచ్చి, ఠాణా ముందు జనం చూడటానికి పడుకోబెట్టారు. అక్కడ అది ఆనవాయితీ. వాళ్లను ఎవరు గుర్తుపడతారో చూడటానికి పక్కన పోలీసు మనుషులుంటారు.

నేనూ వెళ్లాను. తోట నుంచి రెండు మైళ్లు నడిచి చెంగమ్మ వచ్చి ఉంది. కొడుకును చంపినవాళ్ల ముఖం చూడాలని వచ్చింది. చాలాసేపు నిలబడింది. అప్పుడే పని నుంచి వస్తూ ఆ లాన్, భుజం మీద కావడి, రెండు వైపులా రబ్బరు పాల బకెట్లతో ఆ దారినే నడిచింది. ఆగలేదు, తొందరపడలేదు. అందరిలాగే ఒకసారి చూసి నడిచిపోయింది. బకెట్లోని పాలు కూడా తొణకలేదు.

చెంగమ్మ నా దగ్గరికి వచ్చి, "చిన్నోడికి కాళ్లకు చెప్పులు కూడా ల్యావు అయివోరా. మావోని ఈడే," అంది.

ఆ చిన్నవాడు ఒక తోట అంచున కర్రపెండలం దుంపలు తవ్వుకుంటూ దొరికాడని, సంచిలో మూడు పచ్చి దుంపలు తప్ప ఏమీ లేవని తరువాత యూసోఫ్ చెప్పాడు. ఎవరి తమ్ముడో నేను అడగలేదు, యూసోఫ్ కూడా చెప్పలేదు. కంచె దగ్గర అన్నం అందుతూ ఉంటే ఆ చిన్నవాడు అక్కడికి వచ్చేవాడా? తల్లిని కాపాడాననుకున్న పాఠమే కొడుకును ఆకలితో బయటికి లాగిందా? ఇప్పుడు ఇది వ్రాస్తున్నప్పుడు కూడా నాకు తెలియదు.

శవాలు తెచ్చిన రోజు ఆ లాన్ తరగతికి వస్తుందనుకోలేదు. వచ్చింది. ఆ వారం భూతకాలం చెబుతున్నాను. పాఠం మార్చేద్దామనుకున్నాను గాని, పుస్తకంలోదే చెప్పాలి. హ్యావ్‌ను హ్యాడ్‌గా మార్చి ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పాలి. టాన్ గారు తనకు ఒక గుర్రం ఉండేదన్నారు. ఆమె వంతు వచ్చింది. లేచి నిలబడి, "ఐ హ్యాడ్ వన్ బ్రదర్," అంది. కూర్చుంది. తప్పు లేదు.

చివరి ఆదివారం

వెళ్లే ముందు ఆదివారం నరసయ్య ఇంట్లో భోజనం అయ్యాక అంతా చెప్పేశాను. చెప్పకుండా వస్తే దొంగలా వచ్చినట్లుంటుంది. ఆ లాన్ ఎవరో, పాఠం ఎందుకు వ్రాయించానో చెప్పాను. వాళ్లు ఎవరితోనూ అనరని నాకు తెలుసు.

నరసయ్య వాకిట్లోకి చూస్తూ విన్నాడు. చివరికి, "మావోని మంచం మీద పండుకున్యావు కదా అయివోరా," అన్నాడు. లేచి తోటలోకి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా చూశాను, తిరిగి రాలేదు. రెండేళ్లు తండ్రిలా చూసిన మనిషి. ఇక్కడికి వచ్చాక రెండు ఉత్తరాలు వ్రాశాను. జవాబు లేదు. ఆయనది తప్పని నేను అనలేను.

చెంగమ్మ కంచాలు తీస్తూ, ఆయమ్మకు తల్లి ఉండాదా అని అడిగింది. ఉందన్నాను.

బస్సు దగ్గర

బయలుదేరే రోజు గేటు బయట బస్సు షెడ్డు దగ్గర నా ట్రంకు పెట్టుకుని నిలబడ్డాను. టాన్ గారు ఒక పాలడబ్బా తెచ్చిచ్చారు, బొక్క పొడవనిది. యూసోఫ్ గేటు దగ్గర నిలబడి అటు చూస్తున్నాడు. ఆ లాన్ తెల్ల జాకెట్టు వేసుకుని వచ్చింది. అదే వేళకు తోట వైపు నుంచి చెంగమ్మ ఒక్కతే నడిచి వచ్చింది. షెడ్డులో బెంచీ మీద కూర్చుని, చెమట తుడుచుకుని, "ఈయమ్మేనా?" అంది.

అవునన్నాను. ఆ లాన్‌కు చంద్రయ్య సంగతి తెలుసు. ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. చెంగమ్మ ఎవరో చెప్పగానే ఆమె రెండు చేతులూ దగ్గర పెట్టుకుని ఎండలో అట్లాగే నిలబడిపోయింది.

"ఆయమ్మకు చెప్పప్పా," అంది చెంగమ్మ. "వాడు చచ్చినాడని నాకు సంతోషం ల్యా. మావోడు పోయినాడని ఆయమ్మకు బాధ ఉండాదేమో అడుగు."

ఆ లాన్‌కు వచ్చిన మాటలన్నీ నేను నేర్పినవే. ఎన్ని వచ్చో, ఏవి రావో నాకు తెలుసు. ఆ తల్లి మాటను ఆ కొద్ది మాటల్లో పెట్టాలి. "షి సేస్, ఐ యామ్ నాట్ హ్యాపీ. ఆర్ యు శాడ్?" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. చెంగమ్మనే చూస్తూ, "ఎస్. ఎవ్రీ డే," అంది.

"ఏమంటాంది?"

"దినామూ అంటాంది," అన్నాను.

చెంగమ్మ కొంగు ఒళ్లోకి లాక్కుని బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. బస్సు వచ్చింది, ట్రంకు పైకెక్కించారు. నేనెక్కి కిటికీలోంచి చూసేసరికి ఇద్దరూ నీడలో ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నేను చెయ్యి ఊపాను. వాళ్లు గమనించలేదు.